క్లచ్ విడవని లారీ: పెడల్ కింద పనిచేసే ద్రవశాస్త్రం

ఇంటి ముందు నిలిపి ఉంచిన లారీ ఉదయాన్నే స్టార్ట్ అవుతుంది, కానీ గేరు పడదు. క్లచ్ పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రివర్స్ గేరు వేయబోతే పళ్లు గీసుకున్న చప్పుడు వస్తుంది. సొంత బండి నడుపుకుని బతికే డ్రైవరుకు ఆ రోజు కిరాయి పోయినట్టే. చాలామంది అనుమానం ముందుగా క్లచ్ ప్లేటు మీదికి పోతుంది. గేరు బాక్సు దించడం, ప్లేటు మార్చడం అంటే ఒకటి రెండు రోజుల పని, వేల రూపాయల ఖర్చు. తీరా చూస్తే లోపం ప్లేటులో కాకుండా, పెడల్‌కూ ప్లేటుకూ మధ్య ఉన్న సన్నని గొట్టంలో చేరిన కాస్తంత గాలిలో ఉండవచ్చు. ఈ రెంటినీ వేరు చేసి గుర్తించడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ద్రవాలు, వాయువులు ఒత్తిడికి ఎలా స్పందిస్తాయో తెలిస్తే చాలు.

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో ఇది ఇంటింటి సంగతి. నగరానికి తూర్పున ఉన్న గోవింద్‌పూర్, టాటా మోటార్స్ కర్మాగారానికి చేరువలోని ప్రాంతం. 1945లో ‘టెల్కో’ పేరుతో మొదలైన ఆ సంస్థ తొలుత ఆవిరి రైలింజన్లు తయారుచేసింది. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీ చేపట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసినా లారీల తయారీ ఆగలేదు. ఉక్కు, లారీ కర్మాగారాల్లో పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా ఉన్నాయి. ఇలాంటి ఊళ్లో లారీ గురించి ఏదో ఒకటి తెలియనివారు అరుదు. అయినా గోవింద్‌పూర్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా క్లచ్ కథ ఒక్కటే. ఎందుకంటే ఆ పెడల్ కింద పనిచేసే సూత్రం ఒక్కటే.

క్లచ్ చేసే పని

ఇంజన్ తిరుగుతూనే ఉండాలి, చక్రాలు మాత్రం కావాలన్నప్పుడు ఆగాలి. ఈ రెంటినీ కలిపి ఉంచేది, అవసరమైనప్పుడు విడదీసేది క్లచ్. ఇంజన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. దానికి ఎదురుగా రాపిడి పదార్థం అతికించిన క్లచ్ ప్లేటు, దాని వెనుక బలమైన స్ప్రింగు ఉన్న ప్రెషర్ ప్లేటు ఉంటాయి. పెడల్ మీద కాలు లేనప్పుడు స్ప్రింగు క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమిపెడుతుంది. ఇంజన్ శక్తి గేరు బాక్సుకు చేరుతుంది. పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది. ప్రెషర్ ప్లేటు వెనక్కి తగ్గుతుంది. క్లచ్ ప్లేటుకు రెండు వైపులా కలిపి ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు ఏర్పడుతుంది. క్లచ్ ‘విడవడం’ అంటే ఇంతే. కాలు వందకు పైగా మిల్లీమీటర్లు కదిలితే చివరకు దక్కేది ఆ కొద్దిపాటి సందు. మధ్యలో ఎక్కడ కాస్త కదలిక పోయినా ఆ సందు ఏర్పడదు.

పాత బండ్లలో, చిన్న బండ్లలో ఈ కదలికను ఇనుప తీగ మోసుకెళ్తుంది. హైడ్రాలిక్ క్లచ్‌లో ఆ పని ద్రవానిది. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేరు బాక్సు దగ్గర స్లేవ్ సిలిండర్, రెంటినీ కలుపుతూ గొట్టం, పైన బ్రేక్ ఆయిల్ నిలువ ఉండే చిన్న డబ్బా. ఉన్నవి ఇవే.

పాస్కల్ చెప్పిన మాట

మూసి ఉన్న పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే, అది తగ్గకుండా అన్ని వైపులకూ చేరుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ (1623–1662) రూపొందించిన ఈ సూత్రం ఆయన మరణించాక 1663లో పుస్తకంగా వెలువడింది. ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో ఈ సూత్రం ఆధారంగానే హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు పొందాడు. లారీ క్లచ్ అదే యంత్రానికి చిన్న తమ్ముడు.

ఒక ఉదాహరణ లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 20 మి.మీ., స్లేవ్ సిలిండర్‌ది 25 మి.మీ. అనుకుందాం. పెడల్ మీటలా పనిచేసి బలాన్ని 5 రెట్లు చేస్తుందని, స్లేవ్ తోసే ఫోర్క్ మరో 2 రెట్లు చేస్తుందని అనుకుందాం. కాలు 150 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 15 కిలోల బరువు పెట్టినంతగా తొక్కితే, మాస్టర్ పిస్టన్ మీద 750 న్యూటన్లు పడతాయి. గొట్టంలో ఒత్తిడి దాదాపు 24 బార్‌లకు చేరుతుంది. వాతావరణ పీడనానికి ఇది సుమారు 24 రెట్లు. స్లేవ్ పిస్టన్ వైశాల్యం ఎక్కువ కాబట్టి అక్కడ దాదాపు 1,170 న్యూటన్ల బలం పుడుతుంది. ఫోర్క్ దాటాక రిలీజ్ బేరింగ్ మీద అది 2,340 న్యూటన్లు, అంటే సుమారు 240 కిలోల బరువుతో సమానం.

బలం ఇలా పెరిగినంతగా కదలిక తగ్గుతుంది. కాలు 150 మి.మీ. కదిలితే మాస్టర్ పిస్టన్ 30 మి.మీ., స్లేవ్ పిస్టన్ సుమారు 19 మి.మీ., బేరింగ్ 10 మి.మీ.లోపే కదులుతాయి. బలాన్ని దూరంతో గుణిస్తే రెండు చివరలా వచ్చే ఫలితం ఒక్కటే. శక్తి ఎక్కడా ఊరికే పుట్టదు.

కాస్తంత గాలి చేసే చేటు

ద్రవాలను నొక్కి కుదించడం చాలా కష్టం. 24 బార్‌ల ఒత్తిడిలో బ్రేక్ ఆయిల్ ఘనపరిమాణం వెయ్యిలో ఒకటి రెండు వంతులకు మించి తగ్గదు. గాలి అలా కాదు. ఉష్ణోగ్రత మారకుంటే ఒత్తిడి పెరిగినన్ని రెట్లు దాని ఘనపరిమాణం తగ్గిపోతుందని బాయిల్ సూత్రం చెబుతుంది.

పై లెక్కలోని గొట్టంలో 2 మిల్లీలీటర్ల గాలి చేరిందనుకుందాం. పెడల్ పూర్తిగా తొక్కితే మాస్టర్ సిలిండర్ పంపే ద్రవం మొత్తం 9.4 మిల్లీలీటర్లే. అందులో 1.9 మిల్లీలీటర్లు ఆ గాలిని కుదించడానికే ఖర్చయిపోతాయి. అయిదో వంతు కదలిక స్లేవ్‌కు చేరనే చేరదు. స్లేవ్ రాడ్ 19 మి.మీ.కు బదులు 15 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. క్లచ్ ప్లేటు పూర్తిగా విడవదు. పెడల్ తొక్కి ఉన్నా ఇంజన్ గేరు బాక్సును కొద్దికొద్దిగా తిప్పుతూనే ఉంటుంది. గేరు గీసుకోవడానికి కారణం అదే.

ఇలాంటప్పుడు డ్రైవర్లు పెడల్‌ను రెండు మూడుసార్లు గబగబా తొక్కి గేరు వేస్తారు. గేరు పడుతుంది కూడా. ఇందులో కిటుకు ఉంది. కాలు వేగంగా పైకి తీసినప్పుడు గొట్టం నుంచి ద్రవం తిరిగి వచ్చేలోపే మాస్టర్ పిస్టన్ వెనక్కి వచ్చేస్తుంది. దాని ముందు ఒత్తిడి పడిపోతుంది. డబ్బాలోని ఆయిల్ రబ్బరు వాషరు అంచును దాటుకుని ముందుకు జారి ఆ ఖాళీని నింపుతుంది. మళ్లీ తొక్కినప్పుడు ఈ అదనపు ఆయిల్ కూడా గొట్టంలోకి పోతుంది. గాలి మింగిన కదలిక అలా భర్తీ అవుతుంది. కాసేపు వదిలేస్తే అదనపు ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లిపోతుంది, పెడల్ మళ్లీ మెత్తబడుతుంది. అందుకే ‘పంపు కొడితే పనిచేస్తోంది’ అన్నది మరమ్మతు కాదు. అది రోగ లక్షణం.

ముందుగా: విడవడం లేదా, జారుతోందా?

క్లచ్ లోపాలన్నీ రెండు గుంపుల్లోకి వస్తాయి. పెడల్ తొక్కినా క్లచ్ విడవకపోవడం ఒకటి. గేరు గీసుకుంటుంది, గేరులో ఉండగా బండి ముందుకు పాకబోతుంది. పెడల్ వదిలినా పట్టకపోవడం రెండోది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ చప్పుడు పెరుగుతుంది కానీ వేగం పెరగదు. కాలిన వాసన వస్తుంది.

మొదటి గుంపులో హైడ్రాలిక్ భాగాలను ముందుగా అనుమానించాలి. రెండో గుంపులో అరిగిన ప్లేటు, బలం తగ్గిన స్ప్రింగు, ప్లేటు మీద పడిన ఇంజన్ ఆయిల్ ప్రధాన కారణాలు. కానీ ఒక మినహాయింపు ఉంది. మాస్టర్ సిలిండర్ నుంచి డబ్బాకు ఆయిల్ తిరిగి వెళ్లే సన్నని రంధ్రం మూసుకుపోయినా, పెడల్‌కు ఉండాల్సిన కొద్దిపాటి ‘ప్లే’ లేకపోయినా, గొట్టంలో ఒత్తిడి నిలిచిపోతుంది. వేడెక్కిన ఆయిల్ వ్యాకోచించి స్లేవ్‌ను తోస్తూనే ఉంటుంది. ఎవరూ పెడల్ తొక్కకపోయినా సగం తొక్కినట్టే లెక్క. జారుతున్న సమయంలోనే బండి ఆపి, బ్లీడర్ నిపుల్‌ను కాస్త వదులు చేస్తే ఆయిల్ ఒక్కసారిగా చిమ్మి, క్లచ్ మళ్లీ గట్టిగా పడితే కారణం ఇదేనని తేలిపోతుంది. ప్లేటు మార్చే ఖర్చు తప్పుతుంది.

ఇంటి దగ్గర పరీక్షలు, ఒక వరుసలో

పరీక్షకు ముందు బండిని సమతల నేల మీద నిలపాలి. ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు ముందు వెనుక గట్టి దిమ్మలు పెట్టాలి. జాకీ ఒక్కదాని మీద నిలిచిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. బ్రేక్ ఆయిల్ కళ్లలో పడితే ప్రమాదం. రంగు మీద పడితే రంగు ఊడిపోతుంది. కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు వాడాలి, పక్కన నీళ్లు ఉంచుకోవాలి.

*డబ్బా చూడటం.* ఆయిల్ మట్టం తగ్గిందా? బ్రేకుల్లో లైనింగు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం సహజంగానే కొంత తగ్గుతుంది. సొంతంగా సర్దుకునే స్లేవ్ సిలిండరున్న క్లచ్‌లో అందుకు విరుద్ధం. ప్లేటు అరిగేకొద్దీ స్లేవ్ పిస్టన్ లోపలికి జరుగుతుంది, ఆయిల్ కాస్త పైకే వస్తుంది. అందువల్ల క్లచ్ ఆయిల్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. కొన్ని బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకే డబ్బా ఉంటుంది. అక్కడ మట్టం తగ్గితే అది బ్రేకుల సమస్య కూడా. కారణం తెలియకుండా ఆయిల్ పోసి రోడ్డెక్కకూడదు.

*తడి వెతకడం.* మాస్టర్ సిలిండర్ రాడ్ చుట్టూ, క్యాబిన్‌లో పెడల్ వెనుక, గొట్టం జాయింట్ల దగ్గర, స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు లోపల చూడాలి. తొడుగు అంచు ఎత్తితే ఆయిల్ కారితే లోపలి వాషరు పోయినట్టే.

*స్లేవ్ రాడ్ కొలవడం.* అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇచ్చే పరీక్ష ఇది. ఒకరు పెడల్‌ను చివరిదాకా తొక్కి పట్టుకోవాలి. మరొకరు స్కేలుతో స్లేవ్ రాడ్ ఎంత కదిలిందో కొలవాలి. వేళ్లు ఫోర్క్ మధ్యకు పోకుండా చూసుకోవాలి. ఆ కొలతను బండి మాన్యువల్‌లో ఇచ్చిన దానితో పోల్చాలి. పూర్తి కదలిక ఉండి కూడా క్లచ్ విడవకపోతే లోపం గేరు బాక్సు లోపల, అంటే ఫోర్క్, బేరింగ్, ప్రెషర్ ప్లేటు, ప్లేటులలో ఉంది. కదలిక తక్కువైతే లోపం హైడ్రాలిక్ భాగాలదే, గేరు బాక్సు దించనక్కర్లేదు.

*పట్టి ఉంచి చూడటం.* పెడల్‌ను అలాగే ఒక నిమిషం తొక్కి ఉంచాలి. స్లేవ్ రాడ్ మెల్లమెల్లగా వెనక్కి వస్తూ, బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి వాషరు ఆయిల్‌ను వెనక్కి వదిలేస్తోంది. సిగ్నల్ దగ్గర పెడల్ తొక్కి నిలబడితే కాసేపటికి బండి పాకడం మొదలుపెట్టేది ఈ లోపం వల్లనే. రాడ్ నిలిచే ఉండి, కదలిక మాత్రం తక్కువగా ఉండి, పంపు కొట్టగానే పెరిగితే గాలి చేరింది. పెడల్ తొక్కినప్పుడు రబ్బరు గొట్టం ఎక్కడైనా ఉబ్బుతుంటే కదలిక అక్కడ పోతోంది.

*పెడల్ దగ్గరి ఇనుప భాగాలు.* పిన్ను, బుష్ అరిగినా, రాడ్ సెట్టింగు తప్పినా అయిదారు మిల్లీమీటర్లు అక్కడే పోతాయి. మాస్టర్ సిలిండర్ మార్చేముందు వీటిని చూడటం మేలు.

భారీ లారీల్లో గాలి సాయం

పెద్ద లారీల్లో ప్రెషర్ ప్లేటు స్ప్రింగు ఎంతో బలంగా ఉంటుంది. కాలి బలం చాలదు. అందుకే వీటిలో చాలావాటికి స్లేవ్ స్థానంలో క్లచ్ సర్వో ఉంటుంది. గొట్టంలోని ద్రవం ఒక చిన్న వాల్వును తెరిస్తే, బ్రేకుల ట్యాంకు నుంచి వచ్చే పీడన గాలి పెద్ద పిస్టన్‌ను తోస్తుంది. ఇక్కడ గాలి శత్రువు కాదు, సాయం. కానీ అది ఉండాల్సిన చోట ఉన్నంతవరకే.

ఇలాంటి బండిలో ట్యాంకు ఖాళీగా ఉంటే పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది. గాలి నిండాక కూడా అలాగే ఉంటే సర్వోకు గాలి అందడం లేదనుకోవాలి. పెడల్ తొక్కినంతసేపూ ‘సుయ్’మని చప్పుడు వస్తుంటే సర్వో లోపలి వాషరు గాలి వదులుతోంది. సర్వో గాలి వదిలే రంధ్రం నుంచి బ్రేక్ ఆయిల్ వస్తే ద్రవం వైపు వాషరు పోయింది. స్లేవ్ రాడ్ పరీక్షను ఈ బండ్లలో ట్యాంకు నిండాక ఇంజన్ ఆపి చేయాలి. సర్వోను విప్పడం మాత్రం ఇంటి పని కాదు. పీడన గాలి ఉన్న భాగం ఒక్కసారిగా విడివడితే గాయాలవుతాయి.

ఆయిల్ ఎంపికలో రసాయనశాస్త్రం

డబ్బాలో పోసేది పేరుకు ఆయిలే అయినా, సాధారణంగా వాడే డాట్ 3, డాట్ 4 రకాలు పెట్రోలియం నూనెలు కావు. ఇవి ప్రధానంగా గ్లైకాల్ ఈథర్ల మిశ్రమాలు. వాషర్లు సాధారణంగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేసినవి. ఆ రబ్బరు గ్లైకాల్‌ను తట్టుకుంటుంది కానీ పెట్రోలియం నూనెను పీల్చుకుని ఉబ్బిపోతుంది. చేతికి దొరికింది కదా అని ఇంజన్ ఆయిల్, గేరు ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ ఒక్కసారి పోసినా మాస్టర్ నుంచి స్లేవ్ దాకా వాషర్లన్నీ పాడవుతాయి. డబ్బా ఒక్కటే అయిన బండ్లలో బ్రేకులూ పోతాయి. కాబట్టి మూత మీద రాసి ఉన్న రకమే పోయాలి.

డబ్బాలో ఇప్పటికే నూనె కలిసిందన్న అనుమానం ఉంటే ఒక చిన్న పరీక్ష ఉంది. గాజు గ్లాసులో నీళ్లు పోసి, డబ్బాలోని ఆయిల్ కొన్ని చుక్కలు వేసి కలపాలి. గ్లైకాల్ రకం నీటిలో కలిసిపోతుంది. పైన నూనె పొర తేలితే కల్తీ జరిగినట్టు. ఆ గ్లాసును మళ్లీ తాగడానికి వాడకూడదు, ఈ ఆయిల్ విషం.

నీటితో ఇంత తేలిగ్గా కలిసే గుణమే దీనికి బలహీనత కూడా. గాలిలోని తేమను ఇది పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరినప్పుడు ఆ కనీస పరిమితి 140 డిగ్రీలే. డాట్ 4కు ఇవి 230, 155 డిగ్రీలు. గొట్టం సైలెన్సర్ పైపుకు దగ్గరగా పోయే బండ్లలో, ఘాట్ రోడ్డులో గంటల తరబడి తిరిగాక, తేమ చేరిన పాత ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుట్టవచ్చు. అప్పుడు పెడల్ ఒక్కసారిగా మెత్తబడుతుంది, బండి చల్లారాక మామూలవుతుంది. మధ్యాహ్నం పాడై సాయంత్రం బాగుపడే క్లచ్‌లో ఈ కారణాన్ని ముందుగా చూడాలి. తేమ సిలిండర్ లోపలి గోడలనూ తుప్పు పట్టిస్తుంది. ఆ గరుకుతనం కొత్త వాషర్లను కూడా త్వరగా కోసేస్తుంది. అందుకే తయారీదారు చెప్పిన గడువులో ఆయిల్ మార్చాలి. మూత తీసి చాలాకాలం ఉంచిన డబ్బాలోని ఆయిల్ వాడకూడదు.

ఎయిర్ తీయడం

గాలి చేరిందని తేలితే దాన్ని తీయడానికి ఇద్దరు మనుషులు, ఒక స్పానర్, పారదర్శకమైన సన్నని ట్యూబు, ఒక సీసా చాలు. ముందు గాలి ఎలా చేరిందో చూసి ఆ కారణాన్ని సరిచేయాలి. లేకపోతే వారానికే మళ్లీ అదే పరిస్థితి.

డబ్బా నింపాలి. స్లేవ్ మీది బ్లీడర్ నిపుల్‌కు ట్యూబు తొడిగి, రెండో కొసను కొద్దిగా ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. పైనున్నవారు పెడల్ మెల్లగా తొక్కి పట్టుకోవాలి. కిందివారు నిపుల్ వదులు చేస్తే బుడగలతో ఆయిల్ వస్తుంది. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. ఈ వరుస తప్పితే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. బుడగలు ఆగేదాకా ఇలా చేయాలి. మధ్యలో డబ్బా ఖాళీ అయితే పని మొదటికొస్తుంది. తీసిన ఆయిల్ తిరిగి పోయకూడదు. కాలువలో పారబోయకూడదు. సీసాలో మూసి వ్యర్థ ఆయిల్ సేకరించే చోట ఇవ్వాలి.

కొన్ని బండ్లలో ఎంత చేసినా గాలి పోదు. దీనికీ కారణముంది. మాస్టర్ పైన, స్లేవ్ కింద ఉంటాయి. బుడగలు పైకి లేవాలని చూస్తాయి, పంపేది మాత్రం కిందికి. మెల్లగా తొక్కితే ద్రవం కదిలే వేగం కన్నా బుడగ పైకెక్కే వేగమే ఎక్కువ కావచ్చు. అలాంటప్పుడు శుభ్రమైన పెద్ద సిరంజితో స్లేవ్ నిపుల్ నుంచే కొత్త ఆయిల్‌ను మెల్లగా పైకి పంపుతారు. బుడగలు తమ దారినే పోయి డబ్బాలో తేలతాయి. ముందుగా డబ్బాలో ఆయిల్ తగ్గించి ఉంచకపోతే పొంగిపోతుంది.

ఇంటి పనికి హద్దు

ఆయిల్ మట్టం, తడి, కొలత, ఎయిర్ తీయడం, చేతికందే గొట్టం మార్చడం వరకు జాగ్రత్తగా చేసేవారికి ఇంటి పనే. సిలిండర్ లోపల గీతలు పడితే రబ్బరు కిట్ ఒక్కటే మార్చడం డబ్బు వృథా, సిలిండరే మార్చాలి. గేరు బాక్సు దించడం వర్క్‌షాపు పని. దాని బరువు చేతులు ఆపగలిగేది కాదు. పాత క్లచ్ ప్లేట్ల లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ దుమ్మును గాలి గొట్టంతో ఊదకూడదు, పీల్చకూడదు.

వర్క్‌షాపుకు వెళ్లాల్సి వచ్చినా ఇంటి పరీక్షలు వృథా కావు. ‘క్లచ్ పనిచేయడం లేదు’ అనడానికి బదులు ‘స్లేవ్ రాడ్ 12 మిల్లీమీటర్లే కదులుతోంది, నిమిషంలో వెనక్కి వస్తోంది, బయట తడి లేదు’ అని చెప్పగలిగితే మెకానిక్ నేరుగా మాస్టర్ సిలిండర్ దగ్గరికి వెళ్తాడు. బండి యజమానికి ఆ ఒక్క కొలత రెండు రోజుల కిరాయిని కాపాడుతుంది.